తూటా తన్నుకి తూకం

ఇందాకటి నుంచి మీరు వీధిలో ఆడుతున్న ఆ క్రికెట్ బంతి ఇలా పట్టుకురండి. చాప మీద సర్దుకు కూర్చోండి. చిన్నదాన్ని ముందుకు రానివ్వండి, వెనక కూర్చుంటే దానికి వినపడదు. ఈ బంతి బరువు 160 గ్రాములు ఉంటుంది, మూడు నాలుగు గ్రాములు అటూ ఇటూగా. పెద్దవాడా, నువ్వు దీన్ని గంటకి 55 కిలోమీటర్ల వేగంతో విసిరావనుకో. నీ వయసు కుర్రాడికి అదేమీ పెద్ద విసురు కాదు. వికెట్ల దగ్గరున్నవాడు హాయిగా పట్టేస్తాడు, అరచేయి కాస్త చురుక్కుమంటుంది, అంతే. ఇప్పుడొక సంగతి చెబుతాను, మొదట నమ్మబుద్ధి కాదు. పిస్తోలు పోటీలకి వెళ్ళేవాళ్ళు వాడే తూటా ఉంటుందే, అందులోంచి వెళ్ళే ఎనిమిది గ్రాముల బుల్లెట్టు మోసుకుపోయే తోపుడూ, ఈ బంతి తోపుడూ రెండూ ఇంచుమించు ఒకటే!

మీకు సినిమా గుర్తొస్తోంది కదూ? హీరో పేల్చగానే విలన్ పది అడుగులు ఎగిరి వెనకున్న అద్దం బద్దలు కొట్టుకుని పడతాడు. అలా జరగదర్రా. బుల్లెట్టు ముందుకి ఎంత తోపుతో వెళ్తుందో, పిస్తోలు వెనక్కి అంతకు కాస్త ఎక్కువే తన్నుతుంది. న్యూటన్ గారు చెప్పిన మూడో సూత్రం అదే, ఆ కాస్త ఎక్కువ ఎందుకో తరవాత చెబుతాను. తగిలినవాడు పది అడుగులు ఎగిరేటట్టయితే పేల్చినవాడు కూడా అటు పది అడుగులు ఎగరాలి. డెబ్బై కిలోల మనిషి మీద ఆ తోపు మొత్తం పడినా, అతని ఒళ్ళు సెకనుకి నాలుగు సెంటీమీటర్లయినా కదలదు. బుల్లెట్టు చేసే హాని వేరే. అది సన్నటి చోట చొచ్చుకుపోతుంది కనక ప్రాణం తీస్తుంది. తోపు వేరు, చొచ్చుకుపోవడం వేరు. ఈ తేడా పట్టుకుంటే ఇవాళ నేను చెప్పబోయే ఆటలో సగం తెలిసిపోయినట్టే.

ఆట పేరు ప్రాక్టికల్ షూటింగ్. 1976లో అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని కొలంబియా ఊళ్ళో కొందరు కూడి దీనికి అంతర్జాతీయ సమాఖ్య పెట్టుకున్నారు. జెఫ్ కూపర్ అని, మెరైన్ దళంలో పనిచేసినాయన, దానికి మొదటి అధ్యక్షుడు. ఒలింపిక్స్‌లో చూస్తారే, ఒకే చోట నిలబడి ఊపిరి బిగబట్టి గురిపెట్టడం, ఇది అలా ఉండదు. పరుగెత్తాలి, గోడల చాటు నుంచి తొంగిచూడాలి, అట్ట బొమ్మల్ని కొట్టాలి, ఇనప పలకల్ని పడగొట్టాలి. పక్కన గడియారం నడుస్తూ ఉంటుంది. వచ్చిన పాయింట్లని పట్టిన సెకన్లతో భాగిస్తారు, ఎక్కువ వచ్చినవాడిది గెలుపు. గురి, బలం, వేగం, ఈ మూడూ సమానంగా ఉండాలన్నది ఆ పెద్దమనుషుల పట్టుదల.

గురినీ వేగాన్నీ కొలవడం తేలికే. మరి బలాన్ని ఎలా కొలుస్తారు? కొలవకపోతే ఏమవుతుందో ఆలోచించండి. ప్రతివాడూ చేతికి ఏమాత్రం తన్ను తెలియని నీరసపు తూటాలు పట్టుకొస్తాడు. అప్పుడు పిస్తోలుని అదుపులో పెట్టుకునే నేర్పుకి విలువే ఉండదు. అందుకని ఒక గీత గీశారు. ఆ గీతకే పవర్ ఫ్యాక్టర్ అని పేరు. లెక్క చాలా సులువు: బుల్లెట్టు బరువుని గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకి ఇన్ని అడుగులని తీసుకుని, రెంటినీ గుణించి వెయ్యితో భాగించడమే. 124 గ్రెయిన్ల బుల్లెట్టు సెకనుకి 1050 అడుగులు వెళ్తే 130 పాయింట్ 2. చూశారా, పలకా బలపం ఉంటే చాలు.

గ్రెయిన్ అంటే ఏమిటని అడగబోతున్నావు కదూ చిన్నదానా? అదొక పాతకాలపు ఇంగ్లీషు తూకం. పౌనుకి 7000 గ్రెయిన్లు. మన కంసాలి బంగారం తూచడానికి గురిగింజలు వాడేవాడు కదా, ఎర్రగా, ఒక పక్క నల్లటి చుక్కతో ఉంటాయి. ఆ గురిగింజ ఒక్కటి తూస్తే రెండు గ్రెయిన్లకి కాస్త తక్కువ. మన ఊళ్ళో బంగారానికైనా వాళ్ళ దేశంలో తుపాకి మందుకైనా, చిన్న తూకం అవసరమైనప్పుడల్లా మనిషి గింజల వైపే చూశాడు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది.

బరువుని వేగంతో గుణిస్తే వచ్చేదాన్ని మీ బళ్ళో ద్రవ్యవేగం అంటారు. నేను ఇందాక తోపు అన్నది దాన్నే. శక్తి అనేది ఇంకొకటి ఉంది, అందులో వేగాన్ని వేగంతోనే మళ్ళీ గుణించాలి. ఈ ఆట పెద్దలు శక్తిని వదిలేసి తోపునే ఎందుకు ఎంచుకున్నారంటే, చేతికి తగిలే తన్ను నడిచేది తోపు లెక్కలోనే. పైగా ఇనప పలక పడుతుందా లేదా అన్నది కూడా ఎక్కువగా ఆ లెక్క మీదే ఆధారపడుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. తోపుని కొలవడానికి ఏ కరెంటూ అక్కర్లేదు, వేలాడే దుంగ ఒకటుంటే చాలు.

ఈ దుంగ కథ చెప్పకుండా ముందుకెళ్ళలేను. ఇంగ్లండులో బాత్ అనే ఊళ్ళో 1707లో బెంజమిన్ రాబిన్స్ అనే ఆయన పుట్టాడు. గణితంలో ఘటికుడు. ఆ రోజుల్లో తుపాకి గుండు ఎంత వేగంతో వెళ్తుందో ఎవరికీ తెలియదు. ఎలా తెలుస్తుంది? కంటికి కనపడదాయె, అంత సన్నని కాలాన్ని కొలిచే గడియారమూ లేదు. రాబిన్స్ ఏం చేశాడంటే, బరువైన చెక్కదుంగని వేలాడదీసి దాంట్లోకి గుండు పేల్చాడు. గుండు దుంగలో ఇరుక్కుపోతుంది, రెండూ కలిసి వెనక్కి ఊగుతాయి. ఎంత దూరం ఊగిందో కొలిస్తే దుంగ వేగం తెలుస్తుంది, దుంగ బరువూ గుండు బరువూ తెలుసు కనక గుండు వేగం లెక్కకి దొరికిపోతుంది. కంటికి అందని వేగాన్ని తీరిగ్గా ఊగే దుంగ చేత చెప్పించాడన్నమాట! 1742లో దీన్ని పుస్తకంగా అచ్చు వేశాడు. అది చదివి ఆయిలర్ అంతటి మహా గణితవేత్త ముచ్చటపడి, 1745లో జర్మన్ భాషలోకి తర్జుమా చేసి, తన వ్యాఖ్యానం కూడా జోడించాడు.

తరవాత ఈ రాబిన్స్ ఎక్కడికి వచ్చాడో తెలుసా? మన వైపే! ఈస్టిండియా కంపెనీవాళ్ళు మద్రాసు వైపు కోటల్ని గట్టిచేయడానికి ఆయన్ని ఇంజనీరుగా పంపించారు. వచ్చిన కొద్ది కాలానికే జ్వరం తగిలి, 1751లో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో పోయాడు. నలభై నాలుగేళ్ళ వయసు. ఈ కాలపు పిస్తోలు ఆటలో నడిచే లెక్కకి మూలపురుషుడు మన పక్కనే ఉన్న సముద్రతీరంలో కన్నుమూశాడన్న సంగతి మన పిల్లలకి ఎవరూ చెప్పరు. మీరు మాత్రం గుర్తుపెట్టుకోండి.

సరే, లెక్కకి వద్దాం. నాలుగు కిలోల దుంగని తాడుతో వేలాడదీసి, ఇందాకటి 130 పవర్ ఫ్యాక్టర్ బుల్లెట్టు దాంట్లోకి కొడితే, దుంగ ఉన్నచోటు నుంచి రెండు సెంటీమీటర్లు పైకి లేస్తుంది. బుల్లెట్టు తేలికై వేగంగా వచ్చినా, బరువై నెమ్మదిగా వచ్చినా, పవర్ ఫ్యాక్టర్ ఒకటే అయితే ఊపు ఇంచుమించు అంతే. ఈ ఆట మొదలైన కొత్తల్లో పోటీల్లో నిజంగానే ఇలాంటి ఊగే పలకలు కట్టి తూటాల బలం చూసేవాళ్ళు. ఇప్పుడు క్రోనోగ్రాఫ్ అనే పరికరం వచ్చింది. బుల్లెట్టు ఒక వెలుతురు కన్ను దాటాక రెండో కన్ను దాటడానికి ఎంత కాలం పట్టిందో చూసి వేగం చెప్పేస్తుంది.

అమెరికాలో నడిచే పోటీల్లో గీతలు రెండు. 125 చేరితే మైనర్, 165 చేరితే మేజర్. అంతర్జాతీయ పోటీల్లో కూడా మైనర్ గీత 125నే, మేజర్ గీత మాత్రం పిస్తోలు తరగతిని బట్టి మారుతుంది. మేజర్ అంటే మన బంతి లెక్కలో గంటకి 73 కిలోమీటర్ల విసురు. ఎక్కువ తన్నుని ఓర్చుకున్నవాడికి ఎక్కువ పాయింట్లు ఇవ్వడం న్యాయం కదా, అదీ ఇచ్చారు. అట్టబొమ్మ మధ్య గడిలో తగిలితే ఇద్దరికీ 5. పక్క గడిలో తగిలితే మేజర్‌కి 4, మైనర్‌కి 3. అంచున తగిలితే మేజర్‌కి 2, మైనర్‌కి 1. మీరిక్కడ ఒకటి గమనించాలి, ప్రతి గుండూ నడిమధ్యన కొట్టేవాడికి మేజర్ వల్ల ఒక్క పాయింటు కూడా అదనంగా రాదు.

ఇప్పుడు అసలు సంగతి. మా మేనల్లుడొకడు డాలస్ దగ్గర ఉంటాడు, ఆదివారాలు ఈ పోటీలకి వెళ్తాడు. అక్కడ చాలామంది తూటాలు ఇంట్లోనే కట్టుకుంటారు, చట్టం ఒప్పుకుంటుంది. రీలోడింగ్ అంటారు. పేలిన ఇత్తడి కేసు శుభ్రం చేసి, అడుగున మందుని అంటించే కొత్త ప్రైమరు పెట్టి, మందు పోసి, బుల్లెట్టు బిగిస్తారు. డబ్బు కలిసొస్తుందని మొదలుపెడతారు కానీ, అసలు లాభం వేరే ఉంది. కొట్లో కొన్న తూటా బలం దాన్ని చేసిన కంపెనీ నిర్ణయిస్తుంది. చేత్తో కట్టుకున్న తూటా బలం మనం నిర్ణయించుకుంటాం. వాడు నన్నడిగాడు: "మామయ్యా, గీత 125 అయినప్పుడు నేను 126 దగ్గర ఆపుకోవచ్చుగా, 130 ఎందుకు? తన్ను ఎంత తగ్గితే అంత మేలు కదా?" చాలా మంచి ప్రశ్న. దానికి సమాధానం వెతుకుతూ పోతే ఎక్కడెక్కడికో తీసుకుపోతుంది.

ముందు బుల్లెట్టు బరువు సంగతి. తొమ్మిది మిల్లీమీటర్ల పిస్తోలుకి సాధారణంగా 115, 124, 147 గ్రెయిన్ల బుల్లెట్లు దొరుకుతాయి. 130 పవర్ ఫ్యాక్టర్ రావాలంటే 115ది సెకనుకి 1130 అడుగుల పైచిలుకు వెళ్ళాలి, 147ది 885 అడుగులు వెళ్తే చాలు. పవర్ ఫ్యాక్టర్ ఒకటే అయినప్పుడు తన్నూ ఒకటే కావాలి కదా? కాని పేల్చినవాళ్ళని అడిగితే 147 మెత్తగా ఉందంటారు. అది వాళ్ళ ఊహ కాదు, నిజమే. గొట్టంలోంచి బయటికొచ్చేది బుల్లెట్టు ఒక్కటే కాదర్రా! మందు కాలి ఆవిరై, బుల్లెట్టు కన్నా మూడు నాలుగు రెట్లు వేగంతో వెనకాలే దూసుకొస్తుంది. మందు బరువు బుల్లెట్టు బరువులో రెండు నుంచి నాలుగు శాతమే, కాని ఆ వేగం వల్ల మొత్తం తన్నులో దాని వాటా పదో వంతు దాకా ఉంటుంది. పవర్ ఫ్యాక్టర్ లెక్కలోకి ఈ ఆవిరి రాదు, చేతికి మాత్రం తగులుతుంది. బరువైన బుల్లెట్టుని నెమ్మదిగా పంపడానికి తక్కువ మందు చాలు. మందు తగ్గితే ఆవిరి తగ్గుతుంది, దాంతో తన్నూ తగ్గుతుంది. శక్తి లెక్క చూసినా, ఆ 115 బుల్లెట్టులో ఉన్నదానికి 147లో ఉన్నది నాలుగింట మూడు వంతుల పైచిలుకు మాత్రమే. మెత్తటి తన్ను కోరేవాళ్ళు 147 వైపు మొగ్గేది అందుకే.

అన్ని బుల్లెట్లకీ ఇదే నియమం అనుకునేరు. ఓపెన్ అనే తరగతి ఒకటుంది. అందులో పిస్తోలు గొట్టం చివర పైకి తెరుచుకునే రంధ్రాలున్న ముక్క బిగిస్తారు, కాంపెన్సేటర్ అంటారు. ఆవిరి ఆ రంధ్రాల్లోంచి పైకి చిమ్ముతుంది, గొట్టం మూతి కిందికి నొక్కుకుపోతుంది. అంటే ఇందాక మనకి శత్రువుగా కనిపించిన ఆవిరే ఇక్కడ చాకిరీ చేస్తోంది! అందుకని ఓపెన్ ఆటగాళ్ళు కావాలని తేలిక బుల్లెట్టు తీసుకుని, నిదానంగా కాలే మందు ఎక్కువ పోసి, సెకనుకి 1330 అడుగులు దాటించి 165 గీత ఎక్కుతారు. చప్పుడు చెవులు చిల్లులు పడేటట్టు ఉంటుంది, పిస్తోలు మూతి మాత్రం బల్ల మీద పెట్టినట్టు కదలదు. ఒకే గీత చేరడానికి ఒకరు మందు తగ్గించుకుంటూ వస్తే, ఇంకొకరు పెంచుకుంటూ పోతారు. ఇద్దరి లెక్కా సరైనదే. నాకైతే ఈ ఆట మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

తన్ను ఎంత అన్నది ఒకటి, ఎంతసేపట్లో తగిలింది అన్నది ఇంకొకటి. వచ్చే బంతిని చేతులు బిగబట్టి పట్టుకుంటే అరచేయి మండుతుంది, చేతులు వెనక్కి లాగుతూ పట్టుకుంటే మెత్తగా ఒదుగుతుంది. బంతి తోపు మారలేదు, అది ఆగడానికి పట్టిన కాలం పెరిగింది, అంతే. పిస్తోలులో ఆ వెనక్కి లాగే పని పైనున్న స్లైడుదీ, దాని కింది స్ప్రింగుదీ. తన్నుకి స్లైడు వెనక్కి పోతుంది, ఖాళీ కేసుని బయటికి విసిరేస్తుంది, స్ప్రింగు నెట్టగానే ముందుకొచ్చి కొత్త తూటాని ఎక్కిస్తుంది. తూటాలో బలం మరీ తగ్గిస్తే స్లైడు పూర్తిగా వెనక్కి పోదు. ఖాళీ కేసు సగంలో ఇరుక్కుంటుంది. గడియారం నడుస్తుండగా దాన్ని విడిపించుకోవడానికి సెకన్లు పోతాయి, అందాకా మెత్తటి తూటాతో దాచుకున్న కాలమంతా అక్కడే ఖర్చయిపోతుంది. బలం తగ్గించినవాళ్ళు స్ప్రింగుని కూడా మెత్తనిది వేసుకోవాలి.

ఇంకో సూక్ష్మం ఉంది. ఆటగాడికి కావలసింది తన్ను లేకపోవడం కాదు, గురి కమ్మీ త్వరగా తిరిగి వచ్చి ఉన్నచోటే కుదురుకోవడం. మెత్తటి 147 తూటాతో మూతి తక్కువ లేస్తుంది కాని, స్లైడు బద్ధకంగా కదులుతున్నట్టు కొందరికి అనిపిస్తుంది. వాళ్ళకి 124 చురుగ్గా కొట్టి చురుగ్గా దిగినట్టు ఉంటుంది, రెండో గుండుకి గురి త్వరగా దొరుకుతుంది. ఇది చెయ్యినీ పట్టునీ బట్టి ఉంటుంది. ఇక్కడ సూత్రం చెప్పగలిగింది అయిపోయింది, రెండు రకాలూ కట్టి, గడియారం పెట్టుకుని పేల్చి చూసుకోవడమే మార్గం.

ఇక మావాడి 126 సంగతి. పెద్ద పోటీలో అధికారులు ప్రతి ఆటగాడి తూటాలు కొన్ని తీసుకెళ్తారు. ఒకదాన్ని విప్పి బుల్లెట్టు తూస్తారు. అతని పిస్తోలుతోనే మూడు పేల్చి వేగాల సగటు తీస్తారు. గీత రాకపోతే మరో మూడు పేల్చి, ఆరింటిలో వేగం ఎక్కువున్న మూడింటి సగటు చూస్తారు. అప్పటికీ మేజర్ గీత రాకపోతే మైనర్‌గా లెక్కిస్తారు. మైనర్ గీత కూడా రాలేదంటే ఆడుకోవచ్చు, పాయింట్లు మాత్రం సున్నా. ఎక్కడెక్కడి నుంచో విమానమెక్కి, సెలవు పెట్టుకుని వచ్చినవాడికి సున్నా! 124 పాయింట్ 9 వచ్చినా దాన్ని 125 కింద చూడరు.

147 బుల్లెట్టు సెకనుకి 860 అడుగులు వెళ్తే 126 పాయింట్ 4. బాగానే ఉంది. అదే బుల్లెట్టు 850 అడుగులు వెళ్తే? గుణించి చూడండి. 1,24,950. యాభై తక్కువ, పోయింది. 851 అయితే గట్టెక్కినట్టే. ఒక్క అడుగు! ఇంట్లో కట్టిన తూటాలు ఎంత జాగ్రత్తగా కట్టినా ఒకదానికీ ఇంకోదానికీ వేగంలో పది ఇరవై అడుగుల తేడా మామూలే. పైగా డబ్బా మీద 147 అని ఉన్న బుల్లెట్టు తూస్తే 146 తూగవచ్చు. మందు కూడా వాతావరణాన్ని బట్టి మారుతుంది. చాలా రకాల మందులు ఎండలో చురుగ్గా, చలిలో మందకొడిగా కాలతాయి. టెక్సాస్ ఎండలో కొలుచుకున్న వేగం, ఉత్తరాన చలి పొద్దున జరిగే పోటీలో రాదు. అన్నిటికన్నా ఆశ్చర్యం, ఒకే కంపెనీ, ఒకే రకం పిస్తోళ్ళు రెండు తీసుకుని ఒకే తూటాలు పేల్చినా వేగాలు కలవవు. ఒక గొట్టం లోపల నునుపు, ఒకటి కాస్త వదులు. స్నేహితుడి క్రోనోగ్రాఫ్ లెక్కని నమ్ముకుని తూటాలు కట్టుకున్నవాడు ఇక్కడే దెబ్బతింటాడు.

అందుకని అనుభవజ్ఞులు గీత మీద నాలుగైదు అంకెలు ఎక్కువ పెట్టుకుంటారు. మైనర్‌కి 129 నుంచి 132 మధ్య, మేజర్‌కి 168 నుంచి 170 దాకా. ఈ అదనం ఎంతన్నది ఊరికే అనుకునేది కాదు, తన తూటాల హెచ్చుతగ్గులని బట్టి పెట్టుకునేది. తూచి, కొలిచి, ఒక్కో తూటా జాగ్రత్తగా కట్టేవాడు రెండు మూడు అంకెల అదనంతో ధైర్యంగా ఉండగలడు. హడావిడిగా కట్టేవాడు పది పెట్టుకోవాలి. అంటే శ్రద్ధగా కట్టినవాడికి మెత్తటి తూటా బహుమతిగా దొరుకుతుంది! నాలుగు అంకెల అదనం వల్ల తన్నులో పెరిగేది నూటికి మూడు వంతులు, చేతికి తెలిసేంత కాదు.

మైనరా మేజరా అన్నది ఇంకా రసవత్తరమైన లెక్క. కొన్ని తరగతుల్లో ఈ ప్రశ్నే లేదు, అందరికీ మైనరే. ఎంచుకునే వీలున్న తరగతిలో చూద్దాం. ఇరవై గుళ్ళ ఆట. పదిహేను నడిమధ్య, అయిదు పక్క గడిలో తగిలాయి. మైనర్‌కి 90 పాయింట్లు, మేజర్‌కి 95. మైనర్ ఆటగాడు పది సెకన్లలో ముగించాడంటే భాగహారం 9. మేజర్ ఆటగాడికి అదే 9 రావాలంటే పదిన్నర సెకన్ల పైన కాస్త వరకూ పట్టవచ్చు. అంటే గుండుకీ గుండుకీ మధ్య సెకనులో నూరో వంతులు మూడు, అంతే మిగులు. మేజర్ తూటా తన్ను నీ గురిని అంతకంటే ఆలస్యం చేస్తే మైనర్ నీకు మేలు. చేయకపోతే మేజర్ మేలు. గురి బాగా కుదిరినవాడికి మైనర్, వేగం మీద పడిపోయి గుళ్ళు కాస్త పక్కకి వేసేవాడికి మేజర్. తూటా ఎంచుకునే ముందు మనిషి తన ఆటని నిజాయితీగా చూసుకోవాలి. పోయిన పోటీల పాయింట్ల కాగితాలు ముందేసుకుంటే అందులోనే కనపడుతుంది.

గీతే లేని ఆటలు కూడా ఉన్నాయి. ఒంటిచేత్తో కాగితం మీద గురిపెట్టే పాత అమెరికన్ పోటీల్లో 45 కాలిబర్ పిస్తోలుకి 185, 200 గ్రెయిన్ల బుల్లెట్లని చాలా మెత్తగా కట్టుకుంటారు. బుల్లెట్టు కాగితాన్ని కచ్చితంగా చేరితే చాలు. అక్కడ కూడా పాతిక గజాలకి మెత్తటిది, యాభై గజాలకి కాస్త గట్టిది వాడేవాళ్ళున్నారు. మన దేశంలో కూడా ఆడే పాతిక మీటర్ల సెంటర్‌ఫైర్ పిస్తోలు పోటీ ఇలాంటిదే. అందులో ఎక్కువగా 32 కాలిబర్ తూటాలు వాడతారు. బుల్లెట్టు ముక్కు కోసేసినట్టు బల్లపరుపుగా ఉంటుంది, కాగితంలో గుండ్రటి శుభ్రమైన రంధ్రం పడుతుంది, పాయింట్లు చూడటం తేలిక. మన షూటర్ జస్పాల్ రాణా 1994లో హిరోషిమాలోనూ, 2006లో దోహాలోనూ ఈ పోటీలో ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచాడు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పతకాలు తెచ్చే పాతిక మీటర్ల పిస్తోలు పోటీలో వాడేది ఇంకా చిన్నదైన 22 కాలిబర్ తూటా. దాన్ని ఇంట్లో కట్టడం ఉండదు, కొన్నదే వాడాలి. అందుకని పెద్ద ఆటగాళ్ళు రకరకాల తూటాలు తెప్పించుకుని, తమ పిస్తోలుకి ఏది కుదురుతుందో పేల్చి చూసుకుంటారు. అక్కడ కూడా పని అదే, తనకి తగిన తూటాని ఎంచుకోవడం.

ఏ మందు ఎంత పోయాలి అని మీరెవరూ నన్నడగవద్దు, నేను చెప్పను. అది మందు తయారుచేసినవాళ్ళు అచ్చేసిన పట్టికలో చూసుకోవలసిందే, అందులోని తక్కువ కొలత నుంచి మొదలుపెట్టవలసిందే. పొరపాటున కేసులో మందు రెండుసార్లు పడితే పిస్తోలు చేతిలోనే పగులుతుంది. మందు అసలే పడకపోతే ప్రైమరు ఒక్కటే పేలి బుల్లెట్టు గొట్టంలో సగంలో ఆగిపోతుంది, అది తెలియక రెండోది పేలిస్తే ఇంకా ప్రమాదం. మెత్తటి తూటా కోసం పట్టిక కన్నా కిందికి దిగేవాళ్ళకి కూడా బుల్లెట్టు ఇరుక్కునే ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. తెలివైనవాళ్ళు కేసులో ఎక్కువ చోటు ఆక్రమించే మందు ఎంచుకుంటారు. రెండోసారి పడితే పొంగిపోయి కంటికి కనపడిపోతుందని. ఇక మన దేశంలోనంటారా, లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం, ఆయుధాల చట్టం ఒప్పుకోదు. మీలో ఎవరికైనా ఈ ఆట మీద మనసుంటే పది మీటర్ల ఎయిర్ పిస్తోలుతో, శిక్షణ ఇచ్చేవాళ్ళ దగ్గర, రేంజిలోనే మొదలుపెట్టాలి.

మావాడికి నేను చెప్పిన తీర్పు మీకూ చెబుతాను. గీత 125 ఉన్న ఆటకి 130 దగ్గర కట్టుకోవాలి. సొంత పిస్తోలుతో, తను ఆడబోయే వాటిలో అన్నిటికన్నా చల్లటి రోజున కొలుచుకోవాలి. బుల్లెట్టు 124 కావాలా 147 కావాలా అన్నది మాత్రం తన చెయ్యీ గడియారమూ కలిసి చెప్పాలి. 126 దగ్గర ఆపుకుంటే తగ్గే తన్ను నూటికి మూడు వంతులు, పోయే పాయింట్లు మొత్తం.